బ్యాటరీ డౌన్ అయిన కారుకు జంప్ స్టార్ట్ ఇచ్చే ముందు

డౌన్ అయిన బ్యాటరీకి మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుల్స్‌ను ఒక చివర బ్యాటరీకి తగిలించేసి, రెండో చివర చేతిలో పట్టుకుని "ఇదెక్కడ పెట్టాలి?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు గుండె దడ పుడుతుంది. ఆ క్షణంలో చేతిలోని రెండు క్లిప్పులూ తగిలితే చాలు, వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. చలికాలం ముందు ఈ మాట చెప్పడానికి కారణముంది. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి, సెల్ఫ్ మోటారుకు మరింత బలం కావాల్సి వస్తుంది. అంతకుముందు ఏదో నెట్టుకొచ్చిన పాత బ్యాటరీ అక్కడే చేతులెత్తేస్తుంది.

కేబుల్స్ బయటికి తీసే ముందు, తప్పు బ్యాటరీదేనా అని చూసుకోవాలి. తాళం తిప్పి చెవి పెట్టి వినండి. టకటకమని వరసగా శబ్దం వస్తూ డాష్‌బోర్డు లైట్లు మసకబారితే బ్యాటరీ దిగిపోయినట్టే, లేదంటే బ్యాటరీ మీద వైరు బిగించే టెర్మినల్ వదులైనట్టు. ఒక్కసారి గట్టిగా 'టక్' మని ఆగిపోయి, లైట్లు మాత్రం నిండుగా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారును అనుమానించాలి. ఏ శబ్దమూ లేకపోతే, ఆటోమేటిక్ బండి అయితే గేర్ లీవర్ న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా నొక్కారో లేదో చూడండి. ఇంజన్ హుషారుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే అది పెట్రోలుకో, స్పార్కుకో, తాళంలోని చిప్‌కో సంబంధించిన సమస్య. దానికి జంప్ స్టార్ట్ ఇచ్చి లాభం లేదు. అదే పనిగా సెల్ఫ్ కొడితే మోటారు వేడెక్కి, ఉన్న బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగండి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం, 12 కంటే తక్కువైతే డౌన్.

బ్యాటరీయే అని తేలాక కూడా, బానెట్ ఎత్తి దాన్ని కళ్లతో చూడకుండా ఏదీ తగిలించకండి. పక్కలు ఉబ్బినా, పగులున్నా, తడి కారుతున్నా అది జంప్ స్టార్ట్‌కు పనికిరాదు. గడ్డకట్టిన బ్యాటరీ విషయంలోనూ అంతే. నిండా చార్జి ఉన్నది మామూలు చలికి గడ్డకట్టదు గానీ, ఖాళీ అయిన బ్యాటరీలో ఆసిడ్ పలచబడి నీళ్లకు దగ్గరగా ఉంటుంది, సున్నాకు కొన్ని డిగ్రీలు కిందికి దిగితే చాలు గడ్డకడుతుంది. అలాంటిదానికి కరెంటు ఇస్తే పేలవచ్చు.

నిప్పురవ్వ అంటే ఎందుకింత భయమో చెప్తాను. లెడ్ ఆసిడ్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది నాలుగు శాతం చేరినా అంటుకోగలదు. లోపలున్నది సల్ఫ్యూరిక్ ఆసిడ్, పేలితే చిమ్మేది ముఖం మీదికే. అందుకే కళ్లద్దాలు పెట్టుకోండి, ఉంగరాలు, వాచీ, గొలుసు తీసేయండి, దగ్గరలో ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూడండి. కేబుల్స్ తగిలించే వరస కూడా ఈ నిప్పురవ్వను బ్యాటరీకి దూరంగా ఉంచడానికే పెట్టింది.

రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండింటికీ హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్, లైట్లు ఆపేయండి. సాయం చేసే బండి బ్యాటరీ కూడా 12 వోల్టులదే అయ్యుండాలి. పెద్ద లారీల్లో 24 వోల్టులుంటాయి, ఆ సాయం వద్దు. ఇక వరస: ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి నల్ల క్లిప్పు మాత్రం డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కు పెట్టకండి. దానికి దూరంగా, ఇంజన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి పెట్టండి. నిప్పురవ్వ లేచేది ఈ చివరి క్లిప్పు దగ్గరే. చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే.

మంచి బండిని స్టార్ట్ చేసి మూడు నాలుగు నిమిషాలు ఆగి, అప్పుడు రెండో దానికి సెల్ఫ్ కొట్టండి. అందుకున్నాక సరిగ్గా తలకిందుల వరసలో తీయండి. తీసేటప్పుడు కూడా క్లిప్పులు తగలనివ్వకండి. తలుపు మూసిన గ్యారేజీలో మాత్రం ఈ పని వద్దేవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

హైబ్రిడ్ బండిలో నారింజ రంగు కేబుల్స్ కనిపిస్తే వాటి జోలికి పోకండి, అవి హై వోల్టేజివి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ పాయింటు చూపిస్తే అక్కడే తగిలించాలి. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయడం కుదరదు. మాన్యువల్‌ను తోయొచ్చు గానీ, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకు, స్టీరింగు బిగుసుకుపోయి ఉంటాయి, వాలు మీద దయచేసి చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లేంతగా వరదలో నిలిచిన బండికి అసలు సెల్ఫే కొట్టకూడదు. సిలిండర్‌లో చేరిన నీళ్లు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజన్ విప్పాల్సి వస్తుంది. దాన్ని కట్టి లాక్కెళ్లడమే దారి.

బండి స్టార్ట్ అయ్యాక వెంటనే ఆపేయకుండా కనీసం అరగంట నడపండి. నడుస్తున్నప్పుడు టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు చూపిస్తే, ఇంజన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. అంతకంటే బాగా తక్కువైతే కొత్త బ్యాటరీ వేసినా మళ్లీ ఇదే గతి. తెల్లగా, పచ్చగా పేరుకున్న టెర్మినల్స్‌ను వంటసోడా కలిపిన నీళ్లతో తోముకోవచ్చు. నట్టు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే చలి మొదలవకముందే ఒకసారి లోడ్ టెస్ట్ (గట్టిగా కరెంటు లాగినప్పుడు బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష) చేయించండి.