స్పీకర్‌గా పేరొచ్చాక సర్టిఫికెట్ కావాలా?

వైజాగ్‌లో ఏళ్లుగా మైకు పట్టుకుంటున్నవాళ్లు సర్టిఫికెట్ కావాలో వద్దో తేల్చుకోవాలంటే ముందు డైరీ తియ్యండి. పోయిన రెండేళ్లలో డబ్బులిచ్చి పిలిచినవాళ్లెవరు, శాలువా కప్పి పంపేసినవాళ్లెవరు, విడివిడిగా రాయండి. పరవాడ ఫార్మా కంపెనీ సేఫ్టీ వీక్‌కో, రుషికొండ ఐటీ ఆఫీసుకో, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్‌కో వెళ్లినప్పుడు ఒక్కరైనా "మీకు సర్టిఫికేషన్ ఉందా అండీ" అని అడిగారా? అడగకపోతే తొందరేం లేదు.

సర్టిఫికెట్లన్నీ ఒక్కటి కావు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నలుగురిలో మాట్లాడటం నేర్పే క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్‌లో డీటీఎం (డిస్టింగ్విష్డ్ టోస్ట్‌మాస్టర్) అత్యున్నత గుర్తింపే, కానీ అది నేర్చుకున్నదానికి, క్లబ్బులో చూపిన నాయకత్వానికి. ఫీజు తీసుకునే వృత్తికి కాదు. అమెరికాలోని నేషనల్ స్పీకర్స్ అసోసియేషన్ 1980 నుంచి ఇస్తున్న సీఎస్‌పీ (సర్టిఫైడ్ స్పీకింగ్ ప్రొఫెషనల్) వేరే లెక్క, పరీక్ష రాసేసి తెచ్చుకునేది కాదు, ఏళ్ల తరబడి డబ్బు తీసుకుని ఇచ్చిన ప్రసంగాలకి, వచ్చిన ఆదాయానికి, క్లయింట్ల అభిప్రాయాలకి రుజువులు చూపించాలి. అందుకే అప్లై చేసినా చెయ్యకపోయినా ఇన్‌వాయిస్‌లు, ఫీడ్‌బ్యాక్ మెయిళ్లు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఇక శని, ఆదివారాల వర్క్‌షాపులో చేతికిచ్చే 'సర్టిఫైడ్' కాగితమంటారా, ఫొటోకి పనికొస్తుంది, అంతే.

విదేశీ కాన్ఫరెన్సుల మీద గురి ఉంటే సీఎస్‌పీకి ప్రయత్నించండి. ఈ ఊరూ చుట్టుపక్కలా చాలనుకుంటే దానికయ్యే డబ్బుతో మంచి కెమెరామన్‌ని పెట్టి, వింటున్న జనం మొహాలు కూడా కనిపించేలా ఒక డెమో వీడియో తీయించుకోండి; హెచ్‌ఆర్ వాళ్లకి వాట్సాప్‌లో పంపడానికి అదే సులువు.