ఒలోర్గెసైలీ వాగు గట్టును ఎలా చదవాలి

నైరోబీకి చుట్టాలొస్తే అందరూ సింహాలను చూపిస్తారు. నేను మగాడి అనే సరస్సుకు వెళ్ళే రోడ్డు పట్టిస్తాను. దాదాపు 70 కిలోమీటర్లు వెళ్తే ఒలోర్గెసైలీ వస్తుంది. 1942లో పురావస్తు శాస్త్రవేత్తలైన లీకీ దంపతులకు ఆదిమానవుల రాతి చేతిగొడ్డళ్ళు గుట్టలుగా కనిపించిన చోటు. గొడ్డళ్ళు సరే, నా ప్రాణం అక్కడి వాగు గట్ల మీద ఉంటుంది. సుమారు 12 లక్షల ఏళ్ళ కిందటి నుంచి 5 లక్షల ఏళ్ళ కిందటి దాకా నిండుతూ ఎండుతూ వచ్చిన సరస్సు అడుగున పేరుకున్న పొరలే ఆ గట్లు.

చదవడం కారులోనే మొదలుపెట్టండి. కిసేరియాన్ దాటాక ఎన్‌గాంగ్ కొండల వైపు ఒకసారి చూడండి. అది ఒకప్పటి అగ్నిపర్వతం. దాని పడమటి భాగం రిఫ్ట్ లోయలోకి, అంటే నేల సాగి చీలి కుంగిన లోయలోకి, కుంగిపోయింది, మనకు కనిపించేది మిగిలిన ముక్క. అక్కణ్ణించి రోడ్డు మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక్కో మెట్టూ ఒక పగులు. నేల తూర్పు పడమరలకు సాగుతుంటే మధ్యలో బండలు విరిగి జారాయి. జారిన బండ చదునుగా దిగదు, ఓ పక్కకు ఒరుగుతుంది. నులక మంచం అంచున కూర్చుంటే పక్క మీదున్నవన్నీ మన వైపే దొర్లుతాయి చూడండి, అలా నీళ్ళూ మట్టీ ఒరిగిన మూలకే చేరతాయి. పగులు గోడ కింద గులకరాళ్ళు, దూరం వెళ్ళే కొద్దీ సన్నని బురద.

ఇక గట్టు. నేను మొదటిసారి నలుగురి ముందు తెల్లపొరను చూపించి ‘ఇదే అగ్నిపర్వతం బూడిద’ అన్నాను. పరువు పోయింది. అది డయాటమైట్. లావా రాళ్ళ నుంచి కరిగిన సిలికా నీళ్ళలోకి చేరితే, దానితో గాజు గుల్లలు కట్టుకునే డయాటమ్‌లు అనే సూక్ష్మజీవులు తెగ పెరుగుతాయి. ఆ గుల్లలే ఈ తెలుపు. తేడా పట్టాలంటే కింద రాలిన పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకోండి. డయాటమైట్ అయితే బరువే ఉండదు, వేళ్ళ మధ్య టాల్కం పౌడరులా నలుగుతుంది, నాలుకకు అంటుకుంటుంది. బూడిద గరగరలాడుతుంది, భూతద్దం కింద గాజుముక్కలు మెరుస్తాయి. బూడిదను తక్కువగా చూడకండి, కాలం గడిచే కొద్దీ దానిలోని స్ఫటికాల్లో చేరే ఆర్గాన్ వాయువు లెక్కతో పొరల వయసు తేల్చేది అదే. తెలుపు మధ్యలో గోధుమరంగు మట్టి, వేళ్ళ జాడలు, సున్నపు ఉండలు కనిపిస్తే సరస్సు అప్పుడు ఎండిందన్నమాట. గొడ్డళ్ళు ఎక్కువగా అలాంటి నేలలోనే ఉంటాయి, నీళ్ళలో కూర్చుని ఎవరూ రాళ్ళు చెక్కరు కదా.

అన్నిటికన్నా రుచిగల పని చివర్లో ఉంది. ఒక బూడిద పొరను గీతలా పట్టుకుని నడవండి. ఎక్కడో ఠక్కున తెగి, పక్కన మోకాలెత్తు కిందికి దిగి మళ్ళీ మొదలవుతుంది. పగులు ఎటు వాలిందో సాధారణంగా అటువైపు ముక్కే దిగి ఉంటుంది. అక్కడితో ఆగకండి. ఆ బూడిదకూ దాని పైనున్న ఇంకో గుర్తు పొరకూ మధ్య మందం రెండు వైపులా టేపుతో కొలవండి. దిగిన వైపు మందం ఎక్కువైతే సరస్సులో బురద పేరుకుంటుండగానే నేల కుంగింది. సమానంగా ఉంటే అంతా పేరుకున్నాక తెగింది. నాకు ఈ ఒక్క కొలతే పుస్తకాల కన్నా ఎక్కువ చెప్పింది. మా నాన్న కొత్తగూడెం బొగ్గు బాయిలో చేసేవాడు, సీమ్, అంటే బొగ్గు పొర, ఉన్నట్టుండి మాయమైతే ‘ఫాల్టు తగిలింది’ అనేవాడు. ఫాల్టంటే ఇలాంటి పగులే. గోదావరి బొగ్గు కూడా ఇలా కుంగిన లోయలో పేరుకున్నదే, కాకపోతే 25 కోట్ల ఏళ్ళకు పైబడిన పాతది.

రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోకండి, కెన్యా జాతీయ మ్యూజియంల రక్షణలో ఉన్న చోటది. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, పొద్దున పదిలోపు పని ముగించుకోవాలి.

ఓపికుంటే మగాడి దాకా పోండి. ఇలాంటి సరస్సు ఈ రోజు ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. బయటికి దారి లేని పల్లం, అంచుల్లో వేడినీటి ఊటలు, నీరావిరై మిగిలిన ట్రోనా అనే సోడా ఉప్పు. బట్టల సోడాకు దగ్గరి చుట్టం లెండి, ఇప్పుడు టాటా కెమికల్స్ వాళ్ళు తవ్వుతున్నారు. దాని మీద నడిస్తే చెప్పుల్ని అదే రోజు మంచినీళ్ళతో కడగండి. నావి ఒక జత తోలువి పెళుసెక్కి విరిగిపోయాయి.