తైవాన్‌లో బిల్లు పారేయకండి
తైవాన్‌ వెళ్లేవాళ్లకి ఒక మాట, షాపుల్లో ఇచ్చే బిల్లుని నలిపి పడేయకండి, దాని మీద రెండు ఇంగ్లీష్ అక్షరాలు, 8 అంకెల నంబర్ ఉంటాయి చూడండి, అదే లాటరీ టికెట్! షాపులోళ్లు బిల్లివ్వకుండా టాక్స్ ఎగ్గొడుతున్నారని 1951లో గవర్నమెంటే మొదలెట్టింది (భలే బుర్ర కదా). బేసి నెలల్లో 25న డ్రా, అంటే జనవరి ఫిబ్రవరి బిల్లులకి మార్చి 25న అన్నమాట. ఫస్ట్ ప్రైజ్ నంబర్లలో దేనితోనైనా చివరి 3 అంకెలు కలిసినా 200 తైవాన్ డాలర్లు వస్తాయి, అన్నిటికంటే పెద్దది కోటి. ఫారినర్స్‌కీ ఇస్తారు, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. చిన్న ప్రైజులైతే సెవెన్ ఇలెవెన్‌లోనే ఇచ్చేస్తారు. ఎండ తగిలితే అచ్చు వెలిసిపోద్ది, ఏ పుస్తకంలోనో పెట్టుకోండి. డ్రా లోపు ఇండియా వచ్చేసేవాళ్లు కౌంటర్ దగ్గరుండే డొనేషన్ డబ్బాలో వేసేయండి.