పెద్ద సంఖ్యలను విడగొట్టడం – 4వ పాఠం: 4294967297

పోయిన పాఠంలో శేషాలతో లెక్క చేయడం నేర్చుకున్నాం. ఇవాళ దాన్ని నిజంగా పెద్ద సంఖ్య మీద వాడదాం. కాగితం, పెన్ను చాలు. కాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి.

మన సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 297, అంటే 2³² + 1. దీనికో చరిత్ర ఉంది. 2¹ + 1, 2² + 1, 2⁴ + 1 అంటూ ఘాతాన్ని రెట్టింపు చేస్తూ పోతే వచ్చే 3, 5, 17, 257, 65537 ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తర్వాత వచ్చేది మన సంఖ్య. ఇదీ ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని 1640 ప్రాంతంలో గణిత శాస్త్రవేత్త ఫెర్మా నమ్మారు. 1732లో మరో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కాదని తేల్చారు.

మామూలు పద్ధతిలో పోతే 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే ముందు వెతికే చోటు తగ్గించుకుందాం.

p అనే ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తే, p దృష్టిలో 2³² అంటే −1 (p తో భాగిస్తే శేషం p−1, అంటే p కి ఒకటి తక్కువ; దాన్నే −1 అని రాస్తాం). వర్గం చేస్తే 2⁶⁴ అంటే 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకు మళ్లీ 1 దగ్గరికి వస్తాయి, అంతకుముందు రావు. ఇక p−1 అడుగులకూ 1 రావాలని ఫెర్మా చిన్న సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి p−1 తప్పకుండా 64 గుణిజం కావాలి. నాకు ఈ లెక్క మొత్తంలో బాగా నచ్చే చోటు ఇదే. ఒక్క భాగహారం కూడా చేయకుండానే వేల సంఖ్యలు పక్కకు తప్పుకున్నాయి.

64 గుణిజానికి ఒకటి కలుపుతూ పోతే దొరికే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... వీటిలో 257ని చూడక్కర్లేదు. 2⁸ అక్కడ −1, కాబట్టి 2³² అంటే 1, మొత్తం శేషం 2.

641తో చేసి చూద్దాం. 2⁸ = 256. దాని వర్గం 65536. అందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154. ఇదే 2¹⁶ శేషం. 154 వర్గం 23716. అందులోంచి 641 × 36 = 23076 తీసేస్తే 640. ఒకటి కలిపితే 641. అంటే శేషం సున్నా! రెండే రెండు వర్గాలు, రెండు తీసివేతలు. పది అంకెల సంఖ్యను ఎక్కడా ముట్టుకోలేదు.

రెండో కారణాంకం 6700417. 6700417ను 600తో గుణిస్తే 4020250200, 41తో గుణిస్తే 274717097. కలిపి చూసుకోండి.

అభ్యాసం: 193, 449, 577లతో ఇదే లెక్క చేయండి. చివరి శేషాలు వరుసగా 109, 325, 288 రావాలి. రాకపోతే టెన్షన్ పడకండి, 2¹⁶ శేషం దగ్గర తీసివేత మళ్లీ చూడండి. ఎక్కువగా తప్పు పోయేది అక్కడే. 6700417 ప్రధాన సంఖ్య అవునా కాదా అన్నది 5వ పాఠంలో తేలుద్దాం. దాని వర్గమూలం 2589 లోపే.