కీ తిప్పితే ‘టక్’మని ఆగిపోతోందా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైర్ చూడండి

కారు స్టార్ట్ కాకపోతే చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. అది పెట్టగానే బండి స్టార్ట్ అవుతుంది కూడా. కానీ చాలాసార్లు పని చేసింది కొత్త బ్యాటరీ కాదు, దాన్ని పెట్టేటప్పుడు క్లాంపులు (వైర్లను బ్యాటరీకి పట్టి ఉంచే పట్టీలు) విప్పి మళ్లీ గట్టిగా బిగించడం. అసలు లోపం అలాగే ఉంటే కొన్నాళ్లకు మళ్లీ అదే చప్పుడు. దయచేసి డబ్బు తీసే ముందు 10 నంబర్ స్పానర్ తీయండి.

ముందు చప్పుడు వినండి

గబగబా టకటకమంటూ డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే చార్జి తక్కువ ఉంది, లేదా టెర్మినల్ (బ్యాటరీకి వైరు తగిలే చోటు) సరిగా పట్టుకోలేదు. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి ‘టక్’మని ఆగితే స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) దాకా కరెంటు చాలినంత వెళ్లడం లేదని మొదటి అనుమానం. ఏ లైటూ వెలగకపోతే టెర్మినల్ ఊడిందేమో చూడండి. ఇంజిన్ జోరుగా తిరుగుతున్నా అంటుకోవడం లేదంటే అది ఇంధనం, స్పార్క్ వైపు సంగతి, ఇక్కడ రాసింది దానికి పనికిరాదు.

టెర్మినల్: ఎవరూ చూడని మొదటి చోటు

క్లాంపును చేత్తో పట్టుకుని మెలితిప్పండి. కదిలిందా, అదే లోపం. బానెట్ ఎత్తి పైపైన చూసి ‘టైట్‌గానే ఉంది’ అనేవాళ్లు ఇంకా ఎందరో. కదపకుండా తెలియదు.

తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బ్యాటరీ పోస్టునీ (క్లాంపు తొడిగే కడ్డీ) క్లాంపు లోపలి భాగాన్నీ మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్దండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. వాసెలిన్ బిగించాకే పైన పూయాలి.

బ్యాటరీ నిజంగా పోయిందా?

బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. స్టార్ట్ చేస్తున్నప్పుడు 9.6 కంటే పడిపోకూడదు. నిండా చార్జ్ చేశాక కూడా అంతకన్నా పడిపోతుంటే బ్యాటరీ మార్చండి, అప్పుడు ఆ ఖర్చు న్యాయమైనదే. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా కనిపించాలి. 12 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ (నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) చూపించుకోవాలి, కొత్త బ్యాటరీ పెట్టినా అదీ ఖాళీ అవుతుంది.

బ్యాటరీ బాగుంది, టెర్మినల్ బాగుంది, అయినా ‘టక్’

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీతో దానికి నేరుగా లోహపు సంబంధం ఉండదు. స్టార్టర్ లాగిన కరెంటంతా తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరాలంటే, ఇంజిన్‌నూ బాడీనీ ఆ నెగటివ్‌తో కలిపే ఎర్త్ వైరే దారి. హెడ్‌లైట్ల ఎర్త్ బాడీకే ఉంటుంది. అందుకే ఇంజిన్ ఎర్త్ చెడినా అవి ధగధగా వెలుగుతాయి, స్టార్టర్ మాత్రం మొరాయిస్తుంది. అది చూసి మంచి స్టార్టర్‌ను విప్పించేస్తారు.

ఈ వైరు పైకి బాగానే కనిపిస్తుంది. తొడుగు లోపల రాగి పోగులు పచ్చబడి తెగిపోయి ఉంటాయి, లేదా బోల్టు కింద తుప్పు ఉంటుంది. మల్టీమీటర్ ‘బీప్’ అందని వదిలేయకండి. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. స్టార్టర్ లాగేది 150 ఆంపియర్లు అనుకుంటే, దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డును మామూలు మీటరు ఓమ్స్‌లో సరిగా చూపించలేదు.

కాబట్టి లోడ్ మీదే, అంటే స్టార్టర్ కరెంటు లాగుతుండగానే కొలవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో) హ్యాండ్‌బ్రేక్ లాగండి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఆనించండి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. ఫ్యాన్, బెల్టులకు చేతులు దూరంగా ఉంచి ఇంకొకరిని కీ తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 0.5 దాటితే దొంగ దొరికినట్టే.

మీటరు లేదా? జంపర్ కేబుల్ ఒక్కటి చాలు. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజిన్ లోహానికి తగిలించి స్టార్ట్ చేయండి. జోరుగా తిరిగిందంటే ఇక వాదన అక్కర్లేదు. ఎర్రది, పాజిటివ్‌ది ముట్టుకోవద్దు.

రిపేరు తేలికే. బ్యాటరీ నెగటివ్ విప్పేశాక, ఆ నెగటివ్ నుంచి బాడీకీ, ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ నుంచి బాడీకీ వెళ్లే వైర్లు వెతకండి. బోల్టులు విప్పి, వైరు కొసనీ అది ఆనే చోటునీ ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించండి. రంగు మీద బిగిస్తే ఉపయోగం లేదు. పోగులు తెగి ఉంటే అంతే మందం లేదా అంతకన్నా మందమైన వైరు వేయండి. ఇటీవల క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించి ఉంటే ముందు ఇక్కడే చూడండి. తిరిగి ఎక్కించేటప్పుడు ఎర్త్ వైరు బిగించడం మర్చిపోవడం మామూలే.

మిగతావి

రాత్రి బాగుండి తెల్లారేసరికి చార్జి పోతుంటే డిక్కీ లైటో, తర్వాత బిగించిన డ్యాష్‌క్యామో తింటుండవచ్చు. తాళం వేసి అరగంటో గంటో ఆగాక, లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. ఇగ్నిషన్ స్విచ్, క్లచ్ స్విచ్ లోపాలు కూడా ఉండొచ్చు. పైవన్నీ సరిగా తేలితేనే స్టార్టర్ విప్పండి, అంతకుముందు వద్దు.