ఐర్లండ్‌లో ఉన్నారా? అయితే సెషన్‌కీ కేలీకీ ఇలా వెళ్లండి

డబ్లిన్‌కో కార్క్‌కో ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లు చాలామంది ఐరిష్ సంగీతం అంటే టెంపుల్ బార్ వీధిలో టూరిస్టుల కోసం గిటార్ పట్టుకుని మైకులో పాడేదే అనుకుని అక్కడితో వదిలేస్తారు. నేనూ మూడేళ్లు అలాగే ఉన్నాను. తర్వాత క్లేర్ కౌంటీలోని ఎనిస్‌కి మారాం. ఒక మంగళవారం రాత్రి వానకి తలదాచుకుందామని ఒక పబ్‌లోకి వెళ్తే, మూల బల్ల చుట్టూ ఏడుగురు కూర్చుని వాయిస్తున్నారు, మైకు లేదు, స్టేజీ లేదు, మావైపు చూసేవాళ్లు లేరు, వాళ్ల చూపులన్నీ ఒకరి చేతుల మీద ఒకరికి ఉన్నాయి. నాకు వెంటనే మా ఊరి రామమందిరంలో శనివారం భజన గుర్తొచ్చింది. ఇలా పబ్‌లో బల్ల చుట్టూ కూర్చుని కలిసి వాయించుకోవడాన్నే సెషన్ అంటారు. అది కచేరీ కాదు, భజన లాంటిది. కేలీ అంటే హాల్లో జరిగే నాట్యం, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా మర్యాదల్లో సగం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి.

మీ ఊళ్లో సెషన్ ఎక్కడ జరుగుతుందో పబ్‌లో కౌంటర్ దగ్గర అడగండి, అంతకంటే నమ్మకమైన దారి లేదు. 'ట్రాడ్ సెషన్ ఏ రోజు?' అంటే చాలు, ట్రాడ్ అంటే సంప్రదాయ సంగీతం. డబ్లిన్‌లో అయితే స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ అనే పబ్‌తో మొదలుపెట్టండి. 2021లో అక్కడ హోటల్ కడతామని ప్లాన్ వస్తే జనం వాయిద్యాలతో సహా వీధుల్లోకి వచ్చారు, సిటీ కౌన్సిల్ ఆ ప్లాన్‌కి అనుమతి ఇవ్వలేదు. ఊరి వాళ్లు తమదనుకునే చోటు అంటే అలా ఉంటుంది. పబ్‌లు ఇష్టం లేకపోతే కోల్టస్ అనే ఐరిష్ సంగీత సంస్థ శాఖ ఎక్కడుందో చూడండి. 1951లో మొదలైన ఈ సంస్థకి దేశమంతా శాఖలున్నాయి, డబ్లిన్ పక్కన మాంక్స్‌టౌన్‌లో ప్రధాన కేంద్రం ఉంది, పిల్లలకీ పెద్దలకీ క్లాసులు కూడా చెప్తారు.

తొమ్మిదిన్నరకి అని రాసి ఉంటే నిజంగా ఊపందుకునేది పది దాటాకే, కాబట్టి టెన్షన్ పడి పరిగెత్తక్కర్లేదు. కానీ పిల్లలతో వెళ్తే ఆదివారం మధ్యాహ్నం సెషన్ చూసుకోండి, ఎందుకంటే రాత్రి తొమ్మిది తర్వాత పిల్లల్ని బార్‌లో ఉండనివ్వరు, మే నుంచి సెప్టెంబర్ వరకు అయితే పది దాకా ఉండొచ్చు. మందు తాగాలనే నియమం ఏమీ లేదు. టీ తీసుకోండి, లేదా 'మినరల్' అడగండి, ఇక్కడ కూల్‌డ్రింక్‌ని అలాగే అంటారు. కానీ ఏదో ఒకటి కొనండి, ఒక్క గ్లాసు నీళ్లతో మూడు గంటలు కూర్చోవడం బాగోదు.

ఎక్కడ కూర్చోవాలన్నది ముఖ్యం. మొదటిరోజు నేను ఫిడేలు వాయించే ఆయన పక్కన స్టూలు ఖాళీగా కనిపిస్తే కూర్చున్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ పది నిమిషాలకి ఒక పెద్దావిడ కన్సర్టీనా (రెండు చేతులతో ఒత్తుతూ వాయించే చిన్న వాయిద్యం) పెట్టె చేత్తో పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. ఆ స్టూలు పదిహేనేళ్లుగా ఆవిడదట. బల్ల చుట్టూ ఉన్న సీట్లు ఖాళీగా ఉన్నా వాయించేవాళ్లవే, మనం రెండో వరసలో కూర్చోవాలి. నిజానికి అక్కడే బాగా వినిపిస్తుంది. వీడియో తీయాలంటే ముందు అడగండి, ఒక ట్యూన్ తీసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. చప్పట్లతో తాళం వేయొద్దు, ఎంత లయజ్ఞానం ఉన్నా సరే, మన చప్పుడు వాయించేవాళ్లని ఇబ్బంది పెడుతుంది. కాలు నెమ్మదిగా ఆడించుకోండి. ట్యూన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు ఎవరో 'హప్!' అంటారు, అది మన 'భళా' లాంటిది, అలవాటయ్యాక మీరూ అనొచ్చు.

ఇక వినడం ఎలా? మొదట అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది, అందరికీ అలాగే అనిపిస్తుంది. మనకి దీన్ని పట్టుకునే పనిముట్టు ముందే ఉంది. లోపల్లోపల 'తకిట తకిట' అనుకుంటూ ట్యూన్‌తో కలిస్తే అది జిగ్. 'తకధిమి తకధిమి' కుదిరితే రీల్. 'తకిట' మూడేసి సార్లు ఒక గుత్తిగా వస్తే స్లిప్ జిగ్, ఊయల ఊగినట్టు ఉంటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఎక్కువ ట్యూన్లకి రెండు భాగాలుంటాయి, ఒక్కో భాగం ఎనిమిది బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం అనుకోండి), దాన్ని రెండుసార్లు వాయించి రెండో భాగానికి వెళ్తారు, అది కొంచెం పై స్థాయిలో ఉంటుంది చాలాసార్లు. మొత్తం ట్యూన్ రెండు మూడు సార్లు తిరిగాక ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఆ దూకే క్షణాన్ని కనిపెట్టండి, ఒకరు కనుబొమ్మ ఎత్తుతారు, లేదా కాలు కొంచెం పైకి లేపుతారు, అంతే, ఏడుగురూ ఒకేసారి కొత్త ట్యూన్‌లో ఉంటారు. ఆ కనుబొమ్మ కోసమే నేను ఇప్పటికీ ప్రతి మంగళవారం వెళ్తాను.

మృదంగమో కంజిరో వచ్చు కదా అని వెంటనే బౌరాన్ కొనుక్కుని వెళ్లిపోకండి. మేకతోలు బిగించిన ఆ డప్పు చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఒక సెషన్‌లో ఒక్క బౌరాన్ ఉంటే చాలనేది ఇక్కడి పద్ధతి. మొదటి కొన్ని నెలలు వినండి, తర్వాత వాళ్లనే అడగండి, వాళ్లే నేర్పిస్తారు. పిల్లలకైతే టిన్ విజిల్ అనే చిన్న పిల్లనగ్రోవి మంచిది, డి స్వరంలోది పది పదిహేను యూరోలకి వస్తుంది, చాలా ప్రైమరీ స్కూళ్లలో అదే నేర్పిస్తారు కూడా.

మధ్యలో ఒక్కసారి గది మొత్తం నిశ్శబ్దం అయిపోతుంది. ఎవరో కళ్లు మూసుకుని ఏ వాయిద్యం లేకుండా పాట మొదలుపెడతారు. అప్పుడు గ్లాసు కూడా చప్పుడు కానివ్వకండి. కొన్ని చోట్ల పాడినవాళ్లు తర్వాత ఎవరు పాడాలో పేరు పెట్టి పిలుస్తారు, దాన్ని నోబుల్ కాల్ అంటారు. నన్ను పిలిచినప్పుడు ఐరిష్ పాటలేవీ రావన్నాను, 'మీ ఇంటి పాట పాడు' అన్నారు. అమ్మమ్మ నేర్పిన లాలిపాట పాడాను. అర్థం ఒక్కరికీ తెలియదు, అయినా చివరి దాకా కదలకుండా విన్నారు. మీరూ ఒక పాట సిద్ధంగా ఉంచుకోండి, తెలుగులోనే.

ఇప్పుడు కేలీ. ఇది హాల్లో జరిగే నాట్యం, బ్యాండ్ ఉంటుంది, టికెట్ ఉంటుంది, మధ్యలో టీ, సాండ్‌విచ్‌లు. జంటగానే రావాలని లేదు, ఒంటరిగా వచ్చినా ఎవరో ఒకరు చెయ్యి చాపుతారు, వద్దనకండి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకుంటే నేల పట్టేసి మోకాళ్లు నొప్పెడతాయి, జారే తోలు అడుగు కావాలి. చున్నీ వేసుకుంటే నడుముకి ముడేయండి. వాల్స్ ఆఫ్ లిమరిక్, సీజ్ ఆఫ్ ఎనిస్ లాంటి వరస నాట్యాలు మొదటిరోజే వచ్చేస్తాయి. పక్కకి ఏడు అడుగులు, తర్వాత మూడు, మళ్లీ మూడు, నోటితో లెక్కపెట్టుకోండి, అందరూ పెట్టుకుంటారు.

సెట్ నాట్యం కొంచెం పెద్దది. నాలుగు జంటలు చదరంగా నిలబడతాయి, ఒక్కో సెట్‌లో చాలావరకు ఐదారు ఫిగర్లు. ఫిగర్ అంటే మన కోలాటంలో కోపు అనుకోండి. కొత్తవాళ్లు చేయాల్సిన పని ఒకటే, పక్క జంటగా, అంటే బ్యాండ్‌కి పక్కవాటుగా ఉండే జంటల్లో నిలబడటం. బ్యాండ్‌కి వీపు పెట్టినవాళ్లూ వాళ్ల ఎదుటివాళ్లూ సాధారణంగా ముందు ఆడతారు, మీ వంతు వచ్చేలోపు చూసి నేర్చుకోవచ్చు. గిరగిరా తిరిగేటప్పుడు ఇద్దరి కుడికాళ్లూ మధ్యలో పక్కపక్కనే పెట్టి ఎడమకాలితో నెట్టుకోవాలి, చూపు కిందికి కాకుండా ఎదుటి మనిషి మొహం మీద పెడితే కళ్లు తిరగవు. మొదటిసారి నాతో ఆడిన డెబ్బై ఏళ్లావిడ ఇదే చెప్పింది, తప్పిన ప్రతిసారీ భుజం మీద వేలితో మెల్లగా నొక్కి ఎటు తిరగాలో చూపించింది. ఫిగర్ అయ్యాక అలసిపోయాం అని మాత్రం వెళ్లిపోకండి, ఒకరు తప్పుకుంటే మిగతా ఏడుగురూ ఆగిపోవాలి.

హాల్లో ఎవరో 'ఇల్లు చుట్టి రండి, గిన్నెల అల్మారా జాగ్రత్త!' అని ఇంగ్లీషులో అరుస్తారు. ఒకప్పుడు ఇవన్నీ వంటింట్లో రాతి నేల మీద ఆడేవాళ్లు, గోడవార పింగాణీ గిన్నెల అల్మారా ఉండేది. బహిరంగ నాట్యాలకి లైసెన్స్ తప్పనిసరి చేస్తూ 1935లో చట్టం వచ్చాక ఇళ్లలో ఆడటం బాగా తగ్గిపోయింది. ఆ అరుపు మాత్రం మిగిలింది.

కేలీ అయిపోయాక వెంటనే కోటు తీసుకోవడానికి పరిగెత్తకండి. చాలా చోట్ల బ్యాండ్ చివరగా జాతీయగీతం వాయిస్తుంది, చెమటతో తడిసిన జనమంతా ఉన్నచోటే నిటారుగా నిలబడిపోతారు. మీరూ నిలబడండి. అది అయ్యాక మీతో ఆడిన ఏడుగురికీ ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పి, వచ్చే కేలీ ఎక్కడో అడిగి తెలుసుకోండి, బస్సు లేని ఊరైతే కారులో ఎక్కించుకోవడానికి అందులో ఒకరైనా ఉంటారు.