విజయవాడ, గుంటూరు పెరళ్లలో పొట్టి ఎర్ర గులాబీ: తక్కువ చాకిరీతో పెంచుకునే పద్ధతి

గులాబీ అంటే రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిన మొక్క అని చాలామంది వెనకాడతారు. ఆ చాకిరీలో చాలా భాగం మనకు పనికిరాని రకం కొనడం వల్ల, నీరు దిగని మట్టిలో పెట్టడం వల్ల వచ్చిపడేదే. ఈ రెండూ ముందే సరిచూసుకుంటే ఏడాదిలో గట్టిగా పని పడేది రెండుసార్లే: అక్టోబరులో కత్తిరింపు, ఏప్రిల్ చివరి నుంచి ఎండ తగలకుండా కాపాడటం.

ఏ మొక్క కొనాలి

కాడకు ఒక్క పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు నర్సరీలో కళ్లను లాగేస్తాయి. మన ఉక్కలో మాత్రం అవి మందుల మీద మందులు అడుగుతాయి. పెరటికి గుత్తులుగా పూసే ఫ్లోరిబండా గానీ, బటన్ గులాబీ అని అమ్మే చిన్న రకం గానీ తీసుకోండి. బటన్ రకం అడుగు, అడుగున్నర ఎత్తులో గుబురుగా ఆగిపోతుంది. ఫ్లోరిబండా రెండు నుంచి మూడు అడుగులు పెరుగుతుంది. ఏడాది పొడవునా పూసే గుణం, ముదురు ఎరుపు రెండూ చైనా గులాబీల వారసత్వం. వేడిని ఓర్చుకోవడంలోనూ ఆ జాతి గట్టిది.

అమెరికాలో విలియం రాడ్లర్ రూపొందించిన నాకౌట్ అనే ఎర్ర గులాబీ 2000లో మార్కెట్లోకి వచ్చి పేరు తెచ్చుకుంది. నల్లమచ్చ తెగులుకు అంత తేలిగ్గా లొంగదు, వాడిన పూలు తుంచకపోయినా మళ్లీ మొగ్గ వేస్తుంది. మీ నర్సరీలో ఆ పేరు వినిపించకపోయినా ఆ గుణాలే వెతకండి. వానాకాలం చివర, అంటే సెప్టెంబరులో నర్సరీకి వెళ్లి చూడండి. నాలుగు నెలల వానకు తడిసి కూడా కింది ఆకులు నిలుపుకున్న మొక్కే మీకు కావలసింది. చీటీ మీద పేరు కన్నా ఇది నమ్మదగిన గుర్తు.

ఆకు తిప్పి అడుగున చూడండి. సన్నటి బూజులాంటి గూడు, ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఆకు రసం పీల్చే ఎర్రనల్లి ఉన్నట్టే, ఆ మొక్కను వదిలేయండి. మొక్క మొదట్లో బుడిపెలా ఉంటే అది అంటు. లేకపోతే కొమ్మ నాటి వేరు తెప్పించినది. బటన్ రకాలు ఎక్కువగా ఇలాంటివే. తక్కువ పని కావాలంటే ఇదే మేలు, అంటుకు అడుగున వాడే వేరే గులాబీ (వేరుమూలం) నుంచి అడవి కొమ్మలు వచ్చే బెడద ఉండదు.

మట్టి

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకు బంకలా ముద్దకట్టి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. ముద్దకట్టినప్పుడు వేర్లకు గాలి ఆడదు, నెర్రె విచ్చినప్పుడు పీచువేర్లు తెగుతాయి. అందుకే నల్లరేగడిలో గొయ్యి తీసి ఎర్రమట్టి నింపడం పొరపాటు, ఆ గొయ్యి వానాకాలంలో నీటితొట్టి అవుతుంది. నేల మీదే అడుగు ఎత్తు మడి కట్టి అందులో నాటాలి. చుట్టూ ఆ ఎత్తు వరకు ఇటుకలు పేర్చి, కింది వరుసలో అక్కడక్కడా సందు వదిలితే చాలు. ఎర్రమట్టి, ఒండ్రు నేల ఉన్నచోట అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి సరిపోతుంది. మొక్కకు మొక్కకు బటన్ రకమైతే అడుగున్నర, ఫ్లోరిబండా అయితే రెండున్నర అడుగుల ఎడం ఉంచండి.

కుండీ అయితే బటన్ రకానికి 12 అంగుళాలది, ఫ్లోరిబండాకు 14 అంగుళాలది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, కుండీకి 100 గ్రాముల వేపపిండి. పేడ పూర్తిగా మాగకపోతే వేడి పుట్టి వేర్లు మాడతాయి. అందులో వచ్చే తెల్ల పురుగు వేర్లు కొరికేస్తుంది. చేత్తో పిండితే పొడిపొడిగా రాలి, పేడ వాసన లేకుండా ఉంటేనే వేయండి.

నాటేటప్పుడు

దసరా దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి లోపు మంచి అదను. నర్సరీ కవర్లో మొక్క చాలాసార్లు గట్టి బంకమట్టి ముద్దలో ఉంటుంది. నాటిన నెలకే మొక్క చచ్చిపోవడానికి పెద్ద కారణం ఈ ముద్దే. పైన పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి, లోపల వేర్లు ఎండుతూనే ఉంటాయి. కవరు కోసి ముద్దను అరగంట బకెట్ నీళ్లలో ఉంచండి. పై మట్టి మెత్తబడ్డాక నీళ్లలోనే బొటనవేలితో నెమ్మదిగా తోస్తూ పోతే, బూడిదరంగు బంక కరుగుతూ గోధుమరంగు పీచువేర్లు బయటపడతాయి. పై అంగుళం మట్టి పోతే చాలు, నడుమ ముద్దను విడగొట్టవద్దు.

అంటు బుడిపె మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. దాన్ని పూడిస్తే మన తేమకు కుళ్లుతుంది. బుడిపె కింది నుంచి కొమ్మ వస్తే అది అడవి కొమ్మ. ఆకుకు ఎన్ని రెబ్బలున్నాయన్న లెక్కను బట్టి తేల్చకండి, అది ప్రతిసారీ కుదరదు. మట్టి పక్కకు తోసి కొమ్మ ఎక్కడ మొదలైందో చూడండి. కత్తిరిస్తే అక్కడే మరో రెండు వస్తాయి, కాబట్టి మొదలంటా పట్టుకుని కిందికి లాగి చీల్చేయాలి.

ఎండ, నీరు

రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, అది పొద్దుటి ఎండ అయితే మేలు. తూర్పు వైపు పెరడు, బాల్కనీ శ్రేష్ఠం. పడమటి బాల్కనీలో ఏప్రిల్ తర్వాత మొక్క నిలబడటం కష్టం. డాబా మీద కుండీని శ్లాబుకు ఆనించి పెడితే కింది నుంచి వేర్లు ఉడుకుతాయి. రెండు ఇటుకల మీదికి ఎత్తండి.

నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లో పోయండి. చలికాలంలో కుండీకి రోజు విడిచి రోజు, వేసవిలో రెండు పూటలా. మడిలో మొక్కకు చలికాలంలో వారానికి రెండుసార్లు చాలు. వేలు అంగుళం లోతు దించి చూసి, తడి తగిలితే ఆరోజు మానేయండి.

బోరు నీళ్లు పోసే ఇళ్లలో లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం తరచు కనిపిస్తుంది. అది ఇనుము లోపం. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 3 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. ఇదే కారణంగా గుడ్డు పెంకులు వేయడం మా దృష్టిలో వృథా. నల్లరేగడిలో సున్నానికి కరువు లేదు.

అక్టోబరు కత్తిరింపు

వానలు తగ్గి, రెండు రోజులు పొడిగా ఉండే అదను చూసుకోండి. తుపాను హెచ్చరిక ఉంటే ఆగండి, తడి కోతల్లోంచే ఎండు తెగులు దిగుతుంది. ముందు ఎండిన, ఒకదానికొకటి రాసుకునే, పుల్లలా సన్నబడ్డ కొమ్మలు తీసేయండి. మిగిలినవాటిలో బటన్ రకానికి పై మూడో వంతు, ఫ్లోరిబండాకు నేల నుంచి అడుగున్నర ఉంచి పైదంతా. కోత బయటి వైపు చూసే కన్నుకు (చిగురు వచ్చే చోటుకు) పావు అంగుళం పైన, కన్ను వైపు ఎత్తుగా, వెనక్కి ఏటవాలుగా పడాలి. కోసిన చోట లోపలి బెండు తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు. గోధుమరంగులో ఉంటే తెలుపు కనిపించేదాకా ఇంకా కిందికి కోయాలి. కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు పేస్టు పూయండి.

ఆరేడు వారాలకు పూలు వస్తాయి. అక్టోబరు మూడో వారంలో కోస్తే డిసెంబరు మొదట్లో తొలి విడత. తర్వాత వాడిన గుత్తిని ఐదు రెబ్బలున్న మొదటి ఆకు పైన తుంచుతూ పోతే, సంక్రాంతికి మరో విడత అందుతుంది.

కత్తిరించిన వారానికి కుండీకి 200 గ్రాముల వర్మీకంపోస్టు, 50 గ్రాముల వేపపిండి వేసి పై మట్టి గుల్ల చేయండి. మార్చి దాకా 45 రోజులకోసారి ఇదే. మేలో ఏ ఎరువూ వద్దు.

వేసవి

ఏప్రిల్ చివర్లో 50 శాతం షేడ్‌నెట్ కట్టి, మృగశిర కార్తెలో వానలు పడ్డాక విప్పండి. మొక్క మొదట్లో రెండు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ, కొబ్బరిపీచు గానీ పరవండి. పూలు చిన్నవవుతాయి, ముదురు ఎరుపు రెక్కల అంచులు నల్లగా మాడతాయి. అది రోగం కాదు. మొగ్గలు గిల్లేసి మొక్కకు విశ్రాంతినివ్వండి. గట్టిగా కత్తిరించవద్దు, ఆకుల నీడ పోతే కాడలే ఎండకు కాలిపోతాయి. ఎర్రనల్లి ముదిరేదీ ఇప్పుడే. వారానికి రెండుసార్లు పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగాన్ని జోరుగా కడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది.

పురుగు, తెగులు

చలికాలంలో కూడా రెక్కల అంచులు మాడి, మొగ్గ విచ్చుకోకుండా బిగుసుకుపోతే తామర పురుగును అనుమానించండి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నూలుపోగు ముక్కల్లాంటి పురుగులు పాకుతాయి. 2021లో మిర్చి తోటలను ముంచిన నల్ల తామర పురుగు ఈ కుటుంబంలోదే. అలాగని మిర్చికి కొట్టే మందు డబ్బా ఇంటికి తేవద్దు. ఈ పూలు జడలోకి, దేవుడి దగ్గరికి వెళ్తాయి, పిల్లలు తాకుతారు. పట్టిన మొగ్గలు తుంచి కవర్లో కట్టి పారేయండి. 1500 పీపీఎం వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బునీరు లీటరు నీటిలో కలిపి వారం ఎడంతో మూడుసార్లు సాయంత్రం కొట్టండి.

వానాకాలంలో నల్లమచ్చలు పడిన ఆకులు ఏరేసి, రాలినవి ఊడ్చేయాలి. అప్పటికీ ఆగకపోతే లీటరుకు మాంకోజెబ్ 2.5 గ్రాములు. జనవరి మంచుకు లేత ఆకుల మీద బూడిద తెగులు వస్తే నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడితే ఆకులు మాడతాయి. కొమ్మ కొస నుంచి నల్లబడుతూ దిగితే నలుపుకు రెండు అంగుళాలు కిందికి, పచ్చి భాగంలో కోయండి. ఒక మొక్కకూ మరో మొక్కకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.

కుండీ మొక్కకు రెండేళ్లకోసారి అక్టోబరు కత్తిరింపుతో పాటే మట్టి మార్చాలి. మొక్కను ముద్దతో సహా తీసి, చుట్టూ అంగుళం మేర వేర్లు కోసి, అదే పాళ్ల కొత్త మట్టితో నింపి, వారం రోజులు నీడలో ఉంచి ఎండకు తేవాలి.